పాతర నుంచి ఫ్రీజర్ దాకా: మా మాస్తి ఇంటి నిల్వల కథ

పోయిన సంక్రాంతికి ముందు మా అమ్మాయి డాలస్ నుంచి వీడియో కాల్ చేసింది. మాకు సోమవారం పొద్దున, వాళ్ళకు ఆదివారం రాత్రి. వంటింటి గట్టు మీద పదహారు డబ్బాలు వరసగా పెట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసిన చీటీ అంటిస్తా ఉంది. పప్పు నాలుగు, చారు నాలుగు, కూరలు నాలుగు, ఉడకబెట్టిన అలసందలు నాలుగు. "బయట ఇద్దరం రెండు పూటలు తినే డబ్బుతో వారానికంతా చేసి పెట్టేసినానమ్మా. ఇంక ఫ్రీజర్లో పెట్టేదే" అంది. ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అనింది: "మీ కాలంలో ఈ సౌకర్యం లేదు పాపం!"

ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. మా పెరట్లో బావికీ పాత పశువుల కొట్టానికీ నడుమ ఒక చోట నేల కొంచెం కుంగి ఉంటుంది. వానొస్తే మొదట నీళ్ళు నిలబడేది అక్కడే. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ మట్టి పోయించమంటారు. ఎంత పోసినా మళ్ళీ కుంగుతుంది. అది మా ఇంటి రాగి పాతర. పూడ్చేసి యాభై ఏళ్ళయింది. మా ఫ్రీజర్ అదే. కరెంటు లేదు, అంతే తేడా.

పిల్లలు నాలుగు దేశాల్లో ఉన్నారు కాబట్టి ఆ పాతర కథ ఒక చోట రాసి పెడదామని కూర్చున్నాను.

మా ఊరు, మా మాట

మాస్తి కోలారు జిల్లా మాలూరు తాలూకాలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. ఊరి పేరు చెప్పగానే కన్నడంవాళ్ళకు గుర్తొచ్చేది 1983 జ్ఞానపీఠ గ్రహీత మాస్తి వెంకటేశ అయ్యంగారు. ఆయన ఇంట్లో మాట తమిళం, రాసింది కన్నడం. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో మూడు భాషలూ. మా పెద్దలు మదనపల్లె వైపు నుంచి వచ్చినారని చెప్పుకుంటారు. ఎప్పుడు వచ్చినారో రాతలో లేదు. మా వంటింటి మాటలు చూస్తే మాత్రం ఆ దారి కొంత కనిపిస్తుంది. అటువాళ్ళలాగే మేమూ సంగటి అంటాం, చెనక్కాయలు అంటాం, పితికిపప్పు అంటాం. ఇటువాళ్ళలాగే హురిహిట్టు అంటాం, సండిగ అంటాం.

ఇది ఏడాది పొడుగునా పారే ఏరు లేని సీమ. చెరువు నిండితే వరి, లేకుంటే లేదు. నమ్మకంగా పండేది రాగి. ఆషాఢ శ్రావణాల్లో చల్లితే కార్తీకం, మార్గశిరంలో కోతకు వస్తుంది. మధ్య సాళ్ళలో అనప, అలసంద, కంది వేస్తారు. రాగి పోయినా అనప చేతికొస్తుంది, రెండూ పోతే ఉలవ ఉంటుంది. ఒక్కదాని మీద బతుకంతా పెట్టకూడదని సేద్యంలో నేర్చుకున్న సీమ, వంటింట్లోనూ అదే నేర్చుకుంది.

నేల కింద ధాన్యం

పాతరను కన్నడంలో హగేవు అంటారు. నీళ్ళు నిలవని గట్టి నేల చూసి తవ్వుతారు. పైన మనిషి దిగేంత సన్నటి మూతి, లోపలికి పోయేకొద్దీ వెడల్పు, అచ్చం కడవ మాదిరి. అడుగునా గోడల వెంబడీ ఎండు గడ్డి పరిచి, బాగా ఎండిన రాగులు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, రాతి పలక మూసి మట్టితో మెత్తుతారు. 1800లో మద్రాసు నుంచి బేతమంగల మీదుగా బెంగళూరు వచ్చి మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఇక్కడి పంటల గురించీ వాటిని దాచే తీరు గురించీ వివరంగా రాసినాడు. పాతరలో రాగి ఏళ్ళ తరబడి చెడకుండా ఉంటుందన్నది పాత మైసూరు గెజిటీర్లలోనూ ఉంది.

ఎందుకు చెడదు? రాగి గింజ చిన్నది, పైపొర గట్టిది, ఆ పొరలో ఉండే వగరు పదార్థాలు పురుగుకు గిట్టవు. జొన్నకూ బియ్యానికీ ముక్కపురుగు పట్టినంత సులువుగా రాగికి పట్టదు. రెండో కారణం గాలి. మూసిన పాతరలో గింజలే ఊపిరి పీల్చి లోపలి ప్రాణవాయువును కొంచెం కొంచెంగా తినేస్తాయి, బొగ్గుపులుసు గాలి మిగులుతుంది. అందులో పురుగు బతకదు. మనిషి కూడా బతకడు. అందుకే పాతర తీసిన రోజు ఎవరినీ వెంటనే దిగనిచ్చేవాళ్ళు కాదు. చాలాసేపు తెరిచి ఉంచి, తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్ళు. దీపం ఆరితే ఇంకా ఆగాలి, ఆరకపోతే దిగాలి. మా అవ్వ చెప్పేది, ఆ దీపం దించేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదంట.

ఇవాళ ధాన్యాన్ని గాలి చొరబడని సంచుల్లో నిల్వ చేయమని వ్యవసాయ శాఖలు చెప్తున్నాయి. సూత్రం అదే.

ధాత కరువు

ఈ దాచే అలవాటు వట్టి పొదుపు అనుకుంటే పొరబాటు. దాని వెనక ఒక భయం ఉంది. ఆ భయానికి పేరు ధాత కరువు.

1876లో ధాత నామ సంవత్సరం. నైరుతి వానలు చాల్లేదు, ఆ తరువాత రావలసిన ఈశాన్యం వానలు కూడా మొహం చాటేసినాయి. మరుసటేడూ అంతే. మద్రాసు రాజధానిలో సీమ జిల్లాలూ మైసూరు రాజ్యమూ ఒకేసారి ఎండిపోయినాయి. 1871 జనాభా లెక్కల్లో మైసూరు రాజ్యంలో 50 లక్షలకు పైగా జనం ఉంటే, 1881 లెక్కకు సుమారు 42 లక్షలకు దిగింది. పదేళ్ళలో పెరగవలసిన జనం అంతమంది తగ్గినారు.

మన సీమకు అప్పటికే రైలుంది. బెంగళూరు నుంచి జోలార్‌పేటకు 1864లో పడిన లైను మాలూరు మీదుగానే పోతుంది. మద్రాసు రేవు నుంచి ధాన్యం ఆ పట్టాల మీదే వచ్చింది. ధాన్యం రావడం వేరు, కొనే శక్తి ఉండడం వేరు. స్టేషన్లో మూటలు దిగుతున్నా చేతిలో కాసు లేనివాడికి అవి అందవు. మైసూరు సర్కారు వండి పెట్టే గంజి కేంద్రాలు తెరిచింది. మద్రాసు రాజధానిలో 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాముల చిల్లర, పైన కొద్దిపాటి డబ్బు చాలని కూలి తగ్గించినాడు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది ఎంతవరకు సరిపోతుందో వంట చేసే ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది.

మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది: "ధాత కరువులో మన పాతర ఊరంతటికీ అన్నం పెట్టింది." పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అవ్వ చెప్పిన రెండో మాట

నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక మధ్యాన్నం మా అవ్వ వడియాలు పెడతా ఉంటే పక్కన కూర్చుని అదే మాట గొప్పగా అన్నాను. అవ్వ చెయ్యి ఆపలేదు. "పెట్టింది. ఊరికే పెట్టలేదు" అనింది.

"అంటే ఏందవ్వా?"

"ఒక మానిక ఇస్తే పంటకు ఒకటిన్నర మానిక కొలవాల. పంట రాలేదు. కొలవలేకపోయినారు. చెరువు కింద మన మడికయ్య ఎట్లా వచ్చిందనుకున్నావు?"

అంతే చెప్పింది. మళ్ళీ అడిగితే చెప్పలేదు. మా అవ్వకు ఆ సంగతి వాళ్ళ అత్త చెప్పిందంట. మగవాళ్ళ నోట మొదటి మాట వచ్చింది, ఆడవాళ్ళ నోట రెండోది వచ్చింది. ఇన్నాళ్ళూ మా ఇంటి చరిత్రలో రాసింది మొదటిదే. అందుకే ఇప్పుడు రెండూ రాస్తున్నాను.

ముందు చూపు మంచిదే, కాదనను. ముందుగా దాచుకోవాలంటే ఇవాళ తినగా మిగలాలి కదా. పాతర ఉన్నది భూమి ఉన్నవాళ్ళకు. కళ్ళంలో కూలికి రాగులు కొలిపించుకునే ఇంట్లో పాతర లేదు, గాదె లేదు, ఒక కుండ ఉంది. ఆ కుండ అడుగు కనిపిస్తే వాళ్ళు మా గడపకు రావాలి. పొదుపుగా బతకలేదని బీదవాళ్ళను అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఏడాది పొడుగునా వంట

పాతర మగవాళ్ళ పని. నింపేది, మూసేది, తీసేది వాళ్ళే. మిగిలిన నిల్వలన్నీ ఆడవాళ్ళవి. వాటికి ఒక పంచాంగం ఉండేది.

పుష్యమాసంలో అనపకాయలు. మంచు కురిసినప్పుడే కాయకు ఆ జిడ్డు, ఆ వాసన వస్తుంది. సాయంత్రం నాలుగిళ్ళ ఆడవాళ్ళు మా అరుగు మీద చేరి కాయలు వలిచేవాళ్ళు. గింజల్ని రాత్రంతా నానేసి, పొద్దున ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కితే పొట్టు చేతిలో, పప్పు గిన్నెలో. అదే పితికిపప్పు. సంక్రాంతికి దాంతో చారు, పొంగలి. మిగిలిన గింజల్ని ఎండబెట్టి ఆషాఢం దాకా దాచేవాళ్ళు.

మాఘం, ఫాల్గుణంలో ఎండ ముదిరితే బూడిద గుమ్మడి వడియాలు, బియ్యప్పిండి సండిగలు, మజ్జిగలో నానేసి ఎండబెట్టిన మిరపకాయలు. చైత్రం, వైశాఖంలో మామిడికాయ. మా జిల్లా శ్రీనివాసపుర మామిడికి పెట్టింది పేరు కాబట్టి దానికి కొదవ లేదు.

హురిహిట్టుకు కాలంతో పనిలేదు. రాగుల మీద నీళ్ళు చల్లి ఒక రాత్రి మూత పెట్టి, మరునాడు బాగా కాగిన పెనంలో వేస్తే మల్లెమొగ్గల్లా పేలుతాయి. వాటిని విసిరితే వచ్చే పిండి హురిహిట్టు. పొయ్యి అవసరం లేదు, మజ్జిగలో ఉప్పేసి కలుపుకుంటే భోజనం, పాలూ బెల్లమూ వేస్తే పిల్లలకు పండగ. పొలానికి పోయేవాళ్ళు, తెల్లారకముందే బండి కట్టేవాళ్ళు గుడ్డలో మూటగట్టుకు పోయేవాళ్ళు. వండి దాచి, పొయ్యి లేకుండా తినే భోజనం మా వీధిలో ఎప్పటినుంచో ఉంది.

ఇక రోజువారీది చద్ది. రాత్రి మిగిలిన అన్నంలో, సంగటిలో నీళ్ళు పోసి పెడితే పొద్దుటికి పులిసి చలవ చేస్తుంది. ఒక పూట పొయ్యి మిగులుతుంది, కట్టెలు మిగులుతాయి. "చద్ది మూట" అనే మాట వట్టిగా పుట్టలేదు.

ఈ పనులన్నింట్లో డబ్బు ఖర్చు దాదాపు సున్నా. ఖర్చయింది ఆడవాళ్ళ నడుము. ఆ గంటలు ఎవరూ లెక్క రాయలేదు. అయితే ఒకటి చెప్పాలి, ఆ పని ఎవరూ ఒంటరిగా చేయలేదు. అనపకాయలు వలిచే అరుగు మీదే సంబంధాలు కుదిరినాయి, తగాదాలు తీరినాయి, కొత్త కోడలు ఏడిస్తే ఓదార్పు దొరికింది.

పాతర పూడిన కాలం

మాకు తూర్పున కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినాక అక్కడ ఒక పట్టణమే లేచింది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 147 కిలోమీటర్ల తీగ మీద నేరుగా గనులకే వచ్చింది, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ముందే. ఆ తీగకు ఎంతో దూరంలో లేకపోయినా మా పల్లెలు దశాబ్దాల పాటు కిరసనాయిలు దీపాలతోనే గడిపినాయి. ఆకాశంలో గనుల వెలుగు, కింద మా చీకటి. కాబట్టి చల్లటి పెట్టె మా ఇళ్ళకు రావడానికి చాలా కాలం పట్టింది.

ఈలోగా పాతర అవసరం తగ్గింది. మండ్య వి.సి. ఫారంలో 'రాగి లక్ష్మణయ్య'గా పేరుపడ్డ సి.హెచ్. లక్ష్మణయ్య మన రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి ఇండాఫ్ రకాలు తీసినాడు. దిగుబడి పెరిగింది. రేషన్ డిపోలు వచ్చినాయి. గోనెసంచులు, సిమెంటు గదులు వచ్చినాయి. మా నాయన పాతర పూడ్పించినప్పుడు ఇంట్లో ఎవరూ బాధపడలేదు. అవ్వ మాత్రం మూత రాయిని పారేయనివ్వలేదు. ఇప్పుడు బట్టలుతికే రాయి అదే.

ఇంకో పక్క బెంగళూరులో కథ వేరే నడిచింది. 1924లో మొదలైన ఎం.టి.ఆర్. హోటలువాళ్ళు, రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువైనప్పుడు రవ్వ ఇడ్లీ తామే చేసినామని చెప్తారు. 1975 ఎమర్జెన్సీలో హోటలు ధరల మీద ఆంక్షలు పడితే పొట్లాల్లో పిండి మిశ్రమాలు అమ్మడం మొదలుపెట్టినారు. 1961లో మైసూరులో పెట్టిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం వండిన భోజనాన్ని నెలల తరబడి నిల్వ ఉంచే పొట్లం తయారుచేస్తే, అదే పద్ధతి తరువాత మన దుకాణాల్లోకి వచ్చింది. మొదటిసారి అమెరికా పోయిన మా పిల్లల పెట్టెల్లో ఆ పొట్లాలే సగం. చూడండి, యుద్ధం, ధరల కట్టడి, సైన్యం. తిండిని ముందుగా తయారుచేసి దాచడం వెనక ప్రతిసారీ ఏదో ఒక కష్టకాలం ఉంది.

ఫ్రీజర్లో మన వంటలు

అమ్మాయి పద్ధతిని నేను తప్పు పట్టను. నేనూ నేర్చుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు ఏటా పితికిపప్పు ఫ్రీజర్లోకే పోతుంది. ఒక నిమిషం మరిగే నీళ్ళలో వేసి తీసి, చన్నీళ్ళలో చల్లార్చి, తడి ఆరినాక పలచగా సంచుల్లో పరిచి పెడితే శ్రావణంలో కూడా సంక్రాంతి చారు చేసుకోవచ్చు. ఉలవలు ఉడికించిన కట్టు, బస్సారుకు రుబ్బిన కారం ముద్ద, ఉడికిన అలసందలు, కందిపప్పు బాగా నిలుస్తాయి. సంగటి మాత్రం వద్దు. గట్టిపడి పొడిపొడి అవుతుంది, అప్పటికప్పుడు చేసుకునేదే మేలు. ఆలుగడ్డ కూర కూడా అంతే, నీళ్ళు కారి ముక్క పాడవుతుంది.

టమోటా సంగతి మా జిల్లావాళ్ళు చెప్పాలి. కోలారు టమోటా మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. ధర పడిపోయిన ఏడు రైతు రోడ్డు పక్కన పారబోసి పోతాడు. 2023 జులైలో కిలో వంద దాటింది. పడిపోయినప్పుడు రెండు బుట్టలు కొని, ఉల్లిపాయతో మగ్గబెట్టి, పూటకు సరిపడా పొట్లాలు చేసి దాచితే ఏడాదంతా ధరతో పనిలేదు. రైతుకు కూడా రెండు బుట్టలు అమ్ముడవుతాయి.

కొన్ని జాగ్రత్తలు పాతరకూ ఫ్రీజర్‌కూ ఒకటే. తేమ పోవాలి, గాలి పోవాలి, ముందు దాచింది ముందు తీయాలి. వండినదాన్ని వెడల్పాటి పళ్ళెంలో తొందరగా చల్లార్చి, రెండు గంటల లోపల లోపల పెట్టాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ఒకసారి బయట పెట్టి కరిగించింది మళ్ళీ పెట్టొద్దు. కరెంటు పోతే తలుపు తెరవొద్దు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తెరవకుంటే దాదాపు రెండు రోజులు చలిని పట్టుకుంటుంది, సగం నిండితే ఒక రోజు.

మళ్ళీ ఆ కుంగిన నేల

ఇదంతా రాసుకున్నాక అమ్మాయికి ఫోన్ చేసి చదివి వినిపించినాను. పాతర దగ్గర "భలే ఉందమ్మా" అనింది. ఒకటిన్నర మానిక దగ్గరికి వచ్చేసరికి కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇది కూడా పెడతావా? చుట్టాలు ఏమంటారు?" అనింది.

"అనేది అంటారు. మన అవ్వ చెప్పింది" అన్నాను.

పోయిన వారం మళ్ళీ వీడియోలో కనిపించింది. డబ్బాలు ఇరవై ఉన్నాయి. నాలుగు ఎక్కువ ఎందుకంటే, పై అంతస్తులో కొత్తగా కాన్పయిన అమ్మాయి ఉందంట, తోడు ఎవరూ లేరంట. "కొలత లేదులే అమ్మా" అని నవ్వింది. ఆ ఇద్దరూ ఆదివారాలు కలిసి కూరగాయలు తరుగుతున్నారు. డాలస్‌లో అరుగు లేదు, వంటింటి గట్టే అరుగయింది.

మీ ఇళ్ళలోనూ పాతరో, గాదో, అటక మీది జాడీలో ఉండే ఉంటాయి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. ఏం దాచేవాళ్ళో అడగండి, ఎట్లా దాచేవాళ్ళో అడగండి. దాచింది ఎవరికి ఇచ్చినారు, ఏం తీసుకుని ఇచ్చినారు అని కూడా అడగండి. మొదటి మాట అందరూ చెప్తారు. రెండో మాట వడియాలు పెట్టే చేతుల దగ్గర దొరుకుతుంది.